కత్తి, కాయకము, గౌరవము
(షెఫీల్డు నగరపు ఒక వృద్ధ పనివాని జీవితము నుండి కాయక పాఠము)



కాయకమును గూర్చి మన ఇండ్లలోను మఠములలోను తరచుగ ప్రసంగములు జరుగుచుండును. బసవ జయంతి నాడు పెద్దలు వేదిక నెక్కి, కాయకమునందే కైలాసమును దర్శింపవలెనని బోధింతురు. సభ ముగియును. మంగళహారతి అగును. ప్రసాదము స్వీకరించి ఎవరి ఇండ్లకు వారు పోవుదురు. ఆ ప్రసాదమునకు కూరలు తరిగిన కత్తిపీటను చేసినవాడెవడో, దాని అలుగునకు పదును పెట్టినవాడెవడో ఆ సభలో అడుగువారుండరు. ఆ కమ్మరి సభకు వచ్చెనో లేదో చూచువారును అరుదు.

కత్తిని చేయువానిని గౌరవించుట యనగా నేమి? ఈ త్రైమాసమునకు మన పాఠము ఈ ఒక్క ప్రశ్నయే. దీనికి సమాధానము వెదకుటకై కొంత దూరము పోవలసియున్నది. ఇంగ్లండు దేశపు యార్క్‌షైరు సీమలో షెఫీల్డు అను నగరము కలదు. అచట 1941లో బాలుడుగ కత్తుల పనిలో చేరి, వార్ధక్యమున కూడ ఆ పనిని విడువక, 2021లో 94 ఏండ్ల ప్రాయమున కన్నుమూసిన స్టాన్ షా అను పనివాని జీవితము ఈ ప్రశ్నకు కొంత వెలుగు నిచ్చును. షెఫీల్డు దూరదేశపు నగరమే. అయినను దాని ఉక్కు చరిత్రకును మన తెలుగు నేలకును ఒక సంబంధమున్నది. అది పాఠము చివరి భాగమున తెలియగలదు.

కాయకమునకు గల గుర్తులు

ముందుగ మన కొలబద్దను సరిచూచుకొందము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో చేతిపనివారు అనేకులు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. మేదర కేతయ్య బుట్టలల్లెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. కదిర రెమ్మవ్వ నూలు వడికెను. బాచి కాయకపు బసవయ్య బాడిస పట్టి కొయ్యపని చేసెను. వీరందరు అనుభవ మంటపమున సమానులుగ కూర్చుండి తత్త్వ విచారము చేసిరి. పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించినపుడు మడివాలు మాచయ్య, కుమ్మర గుండయ్య, మాదర చెన్నయ్య మొదలగు భక్తుల కథలను తెలుగువారికి అందించెను. పనివారి పేర్లు కావ్యమున నిలిచినవి. అది సామాన్యమైన గౌరవము కాదు.

పని వేరు, కాయకము వేరు. పని కాయకమగుటకు శరణుల జీవితములందు నాలుగు గుర్తులు కానవచ్చుచున్నవి.

మొదటిది స్వహస్త శ్రమ. ఒకరి కష్టము మీద ఒకరు బ్రదుకుట కాయకము కాదు. రెండవది సత్యశుద్ధి. చూచువారు లేనిచోట కూడ పనిలో కపటము చేయరాదు. మూడవది మితమైన ప్రతిఫలము. ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగ గలవాడు. ఒకనాడు అలవాటుకంటె అధికముగ తెచ్చినపుడు, ఆయన భార్య లక్కమ్మ ఆ అధిక భాగమును వెనుకకు పంపించినదని శరణ చరిత్ర. నాలుగవది దాసోహము. సంపాదించినది తనకొక్కనికే కాక సంఘమునకు కూడ చెందవలెను. ధనము మాత్రమే కాదు, విద్య కూడ దాసోహము చేయదగిన సంపదయే.

నులియ చందయ్య కథ ఈ సందర్భమున స్మరింపదగినది. గడ్డి కోయుచుండగా ఆయన మెడలోని లింగము జారి నీట పడినదట. ఆయన పని ఆపలేదట. లింగమే వెంబడించి వచ్చినదట. కాయకమును నిర్లక్ష్యము చేసి పూజ మాత్రము చేయువానికి పూజాఫలము లేదని ఈ కథ చెప్పక చెప్పుచున్నది.

ఇచట ఒక సందేహమునకు సమాధానము చెప్పవలెను. షెఫీల్డు పనివాడు ఇష్టలింగధారి కాడు, దీక్ష పొందినవాడు కాడు. ఆయనను శరణుడనుట మన ఉద్దేశము కాదు. గురు లింగ జంగమములకు సమర్పితము కాని పనికి కాయకమను పేరు పూర్తిగ చెల్లదని చెప్పు పెద్దల మాట యథార్థమే. అయినను దీపము మన ఇంటిదైనను దాని వెలుగులో పొరుగువాని వాకిలి కూడ కనబడును. మన కొలబద్దతో లోకమును చూచుట తప్పు కాదు. ఆ చూపుతో మనలను మనము చూచుకొనకుండుటయే తప్పు.

నదులు నడిపిన నగరము

షెఫీల్డు నగరమున డాన్, షీఫ్, రివెలిన్, లాక్స్‌లీ, పోర్టర్ అను అయిదు ఏరులు కలవు. కొండల నుండి వేగముగ దిగు ఈ నీటితో పూర్వము జలచక్రములు తిరిగెడివి. ఆ చక్రములు సానరాళ్ళను త్రిప్పెడివి. సానరాళ్ళకు వలయు ఇసుకరాయి ఆ కొండలలోనే దొరకెను. బొగ్గును సమీపముననే లభించెను. ఇట్లు ప్రకృతి ఇచ్చిన అనుకూలతచే ఆ ఊరు కత్తుల ఊరయ్యెను. పదునాల్గవ శతాబ్దపు ఆంగ్ల కవి చాసర్ తన కథలలో ఒక పిండిమర యజమాని షెఫీల్డు కత్తిని ధరించినట్లు వ్రాసెను. అనగా నాటికే ఊరి పేరు కత్తికి గుర్తుగ నిలిచినదన్నమాట.

1624లో ఆ దేశపు పార్లమెంటు చట్టము చేసి అచటి కత్తుల పనివారికి ఒక సంఘమును ఏర్పరచెను. దాని పేరు కట్లర్ల కంపెనీ. పనివాడు తన కత్తిపై వేయు ముద్రను ఈ సంఘము నమోదు చేసెడిది. ఒకని ముద్రను వేరొకడు వేయరాదు. ముద్ర యనగా పనివాని మాట. ఈ కత్తిలో కపటము లేదని ఆ ముద్ర సాక్ష్యమిచ్చును. మనము సత్యశుద్ధి యని చెప్పుకొను గుణమును ఆ సంఘము చట్టముచే కాపాడ యత్నించెను. 2024లో ఆ సంఘమునకు 400 ఏండ్లు నిండినవి.

1740ల ప్రాంతమున బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు షెఫీల్డు సమీపమున మట్టి మూసలలో ఉక్కును పూర్తిగ కరగించు విధానమును కనుగొనెను. గడియారపు స్ప్రింగులకు మేలైన ఉక్కు దొరకక ఆయన ఈ ప్రయత్నమునకు పూనుకొనెను. తన పని చక్కగ సాగవలెనను పనివాని తపనయే ఒక నగరపు అదృష్టమును మార్చినది. పిమ్మట 1913లో అదే నగరమున హారీ బ్రియర్లీ అను శాస్త్రజ్ఞుడు తుపాకి గొట్టములు త్వరగ అరుగకుండ ఉపాయము వెదకుచు, సుమారు 13 శాతము క్రోమియము కలిసిన ఉక్కు త్రుప్పు పట్టకుండుటను గమనించెను. నేడు మన వంటింటిలోని స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెల వెనుక ఆ పరిశోధన కూడ ఉన్నది.

ఈ నగరమున కత్తి ఒక్కని చేతిలో పుట్టి పెరుగదు. ఒకడు అలుగును కొలిమిలో కాచి సాగగొట్టును. రెండవవాడు సాన పట్టును. మూడవవాడు పిడి అమర్చి కత్తిని పూర్తి చేయును. వీరిలో పలువురు పెద్ద కార్ఖానాల నౌకరులు కారు. ఒక గదిని అద్దెకు తీసికొని, తమ పనిముట్లు తాము పెట్టుకొని, పని చేసికొను స్వతంత్రులు. వారిని అచటి యాసలో 'లిటిల్ మెస్టర్' అందురు, అనగా చిన్న మేస్త్రి. పోర్చుగీసు నుండి మనకు వచ్చిన మేస్త్రి అను మాటయు, వారి మెస్టరు అను మాటయు ఒకే లాటిను మూలము నుండి పుట్టినవే. స్టాన్ షా అట్టి చిన్న మేస్త్రి.

చాకు మాట్లాడవలెను

1941లో, 14 ఏండ్ల వయసున, స్టాన్ షా జార్జి ఇబ్బర్‌సన్ అను కత్తుల కంపెనీలో పనికి చేరెను. పెద్ద పనివారి ప్రక్కన నిలిచి వారి చేతులను చూచి విద్య నేర్చెను. తరువాత ఇతర కార్ఖానాలలో పనిచేసి, 1980లలో స్వతంత్రముగ తన పని తాను సాగించెను. మడత చాకులు చేయుటలో ఆయన మేటి. అనేకమైన అలుగులతో కూడిన ప్రదర్శన చాకులను కూడ ఆయన చేసెను. అడిగినవారు ఆయన చాకు కొరకు ఏండ్ల తరబడి వేచియుండెడివారు.

మడత చాకు చూచుటకు అల్పవస్తువు. అందులో ఒక అలుగు, దాని వెనుక ఒక స్ప్రింగు, ఇరుప్రక్కల పలుచని లోహపు రేకులు, వానిపై పిడి చెక్కలు, కొసలయందు లోహపు తొడుగులు, వీనినన్నిటిని పట్టియుంచు సన్నని మేకులు ఉండును. ఇన్ని భాగములు వేలెడంత చోట ఒదుగవలెను. అలుగు తెరచినపుడు, సగము మడచినపుడు, పూర్తిగ మూసినపుడు స్ప్రింగు వీపు పిడి అంచుతో సమముగ నుండవలెను. ఒక వెంట్రుకవాసి ఎక్కువైన వ్రేలికి గ్రుచ్చుకొనును, తక్కువైన సందు కనబడును. ఆ సమత్వము యంత్రపు కొలతచే వచ్చునది కాదు. పనివాడు ఆకురాయితో కొంచెము రాచి, కూర్చి చూచి, విప్పి, మరల రాచి, మరల కూర్చి సాధించును.

ఇంకొక పరీక్ష చెవికి సంబంధించినది. మంచి చాకును మూసినపుడు టక్కుమని స్పష్టమైన ధ్వని వినబడవలెను. చాకు నడువవలెను, మాట్లాడవలెను అని షెఫీల్డు పనివారందురు. అలుగు తడబాటు లేక కదలుట నడక. మూసినపుడు పుట్టు ధ్వని మాట. స్ప్రింగునకు పదును సరిగ కుదరనిచో ఈ మాట రాదు. ఎర్రగ కాలిన ఉక్కును నీటనో నూనెలోనో ముంచినపుడు అది గట్టిపడును, కాని పెళుసగును. మరల మితమైన వేడి చూపినపుడు పెళుసుతనము తగ్గి సాగుగుణము వచ్చును. ఎంత వేడి చాలునో ఉక్కుపై తేలు రంగును చూచి పనివాడు గ్రహించును. లేత గడ్డిరంగు నుండి ఊదారంగునకు, దాని నుండి నీలిరంగునకు అది మారును. అలుగునకు గడ్డిరంగు దగ్గర, స్ప్రింగునకు నీలము దగ్గర ఆపుదురు.

కొన్నవాడు స్ప్రింగు లోపలి వైపును చూడడు. పిడి చెక్క క్రింద రేకు నునుపుగ నున్నదా గరుకుగ నున్నదా ఎవరును అడుగరు. మంచి పనివాడు ఆ కనబడని చోటును కూడ నునుపు చేయును. చూచువారు లేనిచోట కపటము చేయకుండుట యను మన రెండవ గుర్తు ఇచట కానవచ్చుచున్నది. మనము దీనిని శివుడు చూచుచున్నాడను ఎరుక యందుము. ఆయన దేనిని తలచెనో మనకేల? పని మాత్రము ఆ ఎరుక గలవాని పనివలె నున్నది.

నగరము చేసిన గౌరవము

షెఫీల్డు తన కత్తుల విద్యను పలు విధముల కాపాడుకొన యత్నించినది. 1982లో కెల్‌హామ్ ఐలండు అను చోట ఒక పరిశ్రమల మ్యూజియము తెరచిరి. అందు చిన్న మేస్త్రుల పనిగదులకు చోటిచ్చిరి. తన చివరి దశలో స్టాన్ షా అచటనే కూర్చుండి పని చేసెను. చూడవచ్చిన పిల్లలు గాజుపెట్టెలోని చాకును మాత్రమే కాక, చాకును చేయు చేతులను కూడ చూచిరి. పోర్టరు వాగుపై నీటితో తిరుగు పూర్వపు సానశాలను, ఆబీడేలు అను చోట కొడవళ్ళు చేసిన పాత కార్ఖానాను నగరము కాపాడుచున్నది. ఉపకరణములు అమ్ముకొని జీవించిన కెన్ హాలీ అను నగరవాసి, మూతపడుచున్న పనిగదుల నుండి పనిముట్లను జీవితమంతయు సేకరించెను. నిగనిగలాడు వస్తువును దాచువారు పలువురుందురు. దానిని చేసిన సుత్తిని, ఆకురాయిని దాచిన ఆయన వివేకము మెచ్చదగినది.

2017లో ప్రభుత్వము స్టాన్ షాకు బ్రిటిష్ ఎంపైర్ మెడలు అను గౌరవ పతకము నిచ్చెను. అప్పటికి ఆయన వయసు 90. ఆయన జీవితమును గూర్చి గ్రంథము కూడ వెలువడినది. ఒక చేతిపనివాని చరిత్రను పండితులు వ్రాయుట శుభలక్షణమే. పాల్కురికి సోమనాథుని మార్గమున నడచిన మనకు దాని విలువ తెలియును.

అయినను పతకము వచ్చిన కాలమును గమనింపుడు. ఒకప్పుడు వేలకొలది పనివారితో నిండిన ఆ వీధులలో ఆనాటికి చేతితో చాకులు చేయువారు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమందియే మిగిలిరి. యంత్రముతో ముద్రకొట్టిన చౌక కత్తులు లోకమంతట వ్యాపించినవి. పనివానికి వచ్చు కూలి పనికి వలయు ఏండ్ల అభ్యాసమునకు తగినట్లు లేకపోయెను. యువకులు వేరు దారులు చూచుకొనిరి. విద్య సన్నగిల్లిన పిమ్మట గౌరవము వచ్చినది. పంట ఎండిన తరువాత కురిసిన వాన వంటిది ఇది. ఆ వానను నిందింపనక్కరలేదు, మరుసటి పైరుకైనను అది పనికివచ్చును. కాని అదను తప్పినదని చెప్పక తప్పదు.

మెరుపు వెనుక ధూళి

ఒక నగరపు వృత్తి వైభవమును కీర్తించునపుడు అది ఎవరి దేహముల మీద నిలిచినదో కూడ చెప్పవలెను. లేనిచో మన పాఠము స్తోత్రమగును గాని సత్యము కాదు.

షెఫీల్డున సాన పట్టువారు ఇసుకరాతి చక్రము ముందు వంగి కూర్చుండి దినమంతయు పని చేసెడివారు. రాయి అరిగిన ధూళి, ఉక్కు అరిగిన ధూళి ఊపిరితో లోనికి పోయెడివి. నీరు చల్లని పొడి సాన మరింత ప్రమాదకరము. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఆ నగరపు వైద్యుడు నైట్ వ్రాసినదానిని బట్టి పొడి సానవారి సగటు ఆయువు సుమారు 35 ఏండ్లు. తడి సానవారు 45 ఏండ్లు దాటుట అరుదు. దానిని సానవారి ఉబ్బసమనిరి. రాతిధూళిచే ఊపిరితిత్తులు గట్టిపడు ఆ వ్యాధిని నేడు సిలికోసిస్ అందురు. ధూళిని లాగివేయు సాధనములను కొందరు కల్పించినను అవి చాలకాలము వాడుకలోనికి రాలేదు.

దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను. ఆ మాటను మనము రాతిగుడికంటె మనస్సు గొప్పదని చెప్పుటకు వాడుచుందుము. దానికి ఇంకొక అర్థము కూడ ఉన్నది. పనివాని దేహము కూడ దేవాలయమే. ఆ దేవాలయమును రాతిధూళితో నింపు పని ఎంత మెరుపు గల వస్తువును సృష్టించినను సంఘము దానికి సిగ్గుపడవలెను. కాయకము చేయువాని ధర్మము నాలుగు గుర్తులలో ఉన్నది. కాయక ఫలమును అనుభవించు సంఘమునకు కూడ ఒక ధర్మమున్నది. పనివాని ఊపిరిని కాపాడుటయే ఆ ధర్మము. మన రాతి గనులలో, రాళ్ళు కొట్టు పనిలో, సాన పట్టు పనిలో నేటికిని ఇదే ధూళి ఎగురుచున్నది.

మన ఉక్కు, మన మరపు

ఇక ముందు చెప్పిన సంబంధమును చూతము. ఉక్కు అను మాట తెలుగు కన్నడములు రెంటికిని చెందినది. ఐరోపావారు మన దక్షిణదేశపు మూస ఉక్కును 'వూట్జ్' అనిరి. ఉక్కు అను మాటయే అట్లు మారినదని పండితులు తలచుచున్నారు. 1795లో జార్జి పియర్సన్ ఈ ఉక్కును పరీక్షించి లండనులోని రాయల్ సొసైటీకి వ్యాసము సమర్పించెను. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1820 ప్రాంతమున స్టోడార్ట్ అను కత్తుల వర్తకునితో కలసి దీని గుణములను అనుకరింప యత్నించెను. ఆ ప్రయత్నములలో కొన్ని మిశ్రమములను పెద్ద మొత్తమున కరగించినది షెఫీల్డులోనే.

ఈ ఉక్కు పుట్టిన ప్రసిద్ధ స్థలములలో తెలంగాణమున నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకటి. 1820లో వాయిసీ అను ఆంగ్లేయుడు ఆ ఊరు చూచెను. ఆయన వ్రాసిన వర్ణనము 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. రెండు వేరు చోట్ల ఇనుమును నిర్ణీతమైన పాళ్ళలో కలిపి, మట్టి మూసలలో ఉంచి, ఒక పగలు ఒక రాత్రి ఎడతెగక తిత్తులూది ఆ ఉక్కును కాచిరని అందున్నది. పారశీక దేశపు ఇస్ఫహాను నుండి హాజీ హుసేను అను వర్తకుడు దానిని కొనుటకై వచ్చియుండెనని కూడ అందున్నది. కత్తులకు కీర్తి గాంచిన పారశీకులు మన కమ్మరి ముంగిట నిలిచి ఉక్కు కొనిన కాలమది.

హంట్స్‌మన్ మన మూసలను చూచి నేర్చెనని చెప్పుట సరికాదు. ఆయన తన శ్రమచే తాను కనుగొనెను. మన కమ్మరులు అంతకు అనేక శతాబ్దములకు పూర్వమే తమ శ్రమచే తాము కనుగొనిరి. ఒకే సత్యము ఇరుచోట్ల శ్రమించిన చేతులకు లభించెను. తరువాతి కథ మాత్రము వేరు. పందొమ్మిదవ శతాబ్దమున కార్ఖానాలలో చేసిన చౌక ఉక్కు ఓడలపై వచ్చి మన కొలిముల నార్పెను. నూరేండ్లు గడచిన పిమ్మట మరింత చౌకైన సరుకు షెఫీల్డు చిన్న మేస్త్రుల గదులకు తాళము వేసెను. చౌకతనము ఒక దేశపు పనివానిపై మాత్రమే పగబట్టునది కాదు.

విశాఖపట్టణమున ఉక్కు కార్ఖానా పనివారు నివసించు ఊరికి ఉక్కునగరమను పేరున్నది. ఆ పేరు పలుకునపుడు కోనసముద్రము ఎందరి తలపునకు వచ్చును? షెఫీల్డు తన చివరి మేస్త్రులలో ఒకని పేరును పిల్లలకు నేర్పినది. లోకమునకు ఉక్కునిచ్చిన మన కమ్మరుల పేర్లు మన పిల్లలలో ఎందరికి తెలియును? పతకము ఆలస్యమైనదని ఆ నగరమును విమర్శించుటకు ముందు ఈ ప్రశ్నకు మనము తల వంచవలెను.

మనము చేయవలసినది

గౌరవించుట యనగా శాలువా కప్పుట మాత్రమే కాదని ఇంతవరకు చూచితిమి. మన కుటుంబములకు, మఠములకు సాధ్యమైన పనులు కొన్ని కలవు.

మొదటిది, పేరు తెలిసికొనుట. మీ ఇంటి కత్తిపీటకు, కొడవలికి పదును పెట్టు మనిషి పేరు మీ పిల్లలకు తెలియవలెను. వయసునకు తగినట్లు పెద్దయ్య అనియో అన్నా అనియో పిలిచి పలుకరింపవలెను. ఓరీ యను పిలుపు శరణుల ఇంట వినబడరాదు.

రెండవది, తగిన ప్రతిఫలము. లక్కమ్మ ఆదర్శము పనివానికి మాత్రమే కాదు, పని చేయించుకొనువానికి కూడ. అధికమును ఆశింపరాదని ఆయనకు చెప్పు నోరు, తక్కువ ఇచ్చుటకు బేరమాడరాదు. కత్తి మొద్దువారగనే పారవేసి కొత్తది కొనుటకంటె, కొలిమికి తీసికొనిపోయి పదును పెట్టించుట మేలు. అందు పొదుపును ఉన్నది, పనివానికి జీవనమును ఉన్నది.

మూడవది, దేహరక్షణ. సాన పట్టువానికి ముఖమునకు తొడుగు, కంటికి అద్దములు, రాతికి నీరు, గదికి గాలి ఉండవలెను. మఠములు చేయు దాసోహములో అన్నముతోపాటు వీనికి కూడ చోటీయవచ్చును. ఊపిరిని నిలుపు దానము అన్నదానమునకు తీసిపోదు.

నాలుగవది, విద్యాదాసోహము. ఇచట జాగ్రత్తగ ఆలోచింపవలెను. కమ్మరి కుమారుడు కమ్మరియే కావలెనను నిర్బంధము బసవ ధర్మము కాదు. పుట్టుకచే పనిని, పనిచే హెచ్చుతగ్గులను నిర్ణయించు పద్ధతిని నిరాకరించుటకే అనుభవ మంటపము పుట్టినది. వృత్తి వారసత్వమను మంచి పేరుతో ఆ సంకెలను మరల తగిలింపరాదు. కమ్మరి బిడ్డ వైద్యుడగుట సంతోషమే. అదే విధముగ వర్తకుని బిడ్డ, అర్చకుని బిడ్డ, ఉద్యోగి బిడ్డ ఇష్టపడి సుత్తి పట్టినచో అదియును సంతోషముగ భావింపవలెను. పాఠశాలలు నడుపు మఠములు, నేర్చుకొనగోరువారెవరైనను సరే, ఒకరిద్దరు యువకులకు భోజన వసతులిచ్చి మంచి కమ్మరి వద్ద శిష్యులుగ ఉంచినచో విద్య నిలుచును. నేర్పు గురువునకు కూడ తగిన వేతనమీయవలెను.

అయిదవది, నమోదు. నేడు ప్రతి ఇంట సెల్‌ఫోనులున్నవి. వృద్ధుడైన కమ్మరి కొలిమి రాజేయుట, ఉక్కు రంగును గుర్తించుట, పదును పెట్టుట చిత్రీకరింపవచ్చును. ఆయన వాడు మాటలను ఆయన నోటి నుండియే వ్రాసికొనవచ్చును. కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు అను మాటలు కూడ వారసత్వమే. పని పోయిన పిమ్మట మాట నిలువదు.

చివరిది, సకాలము. గౌరవము బ్రతికియున్నవానికి, పని చేయగల వయసున, అందవలెను. రాబోవు బసవ జయంతికి మీ ఊరి కమ్మరిని వేదికకు పిలువుడు. ఆయన సుత్తిని ఆయన ప్రక్కన ఉంచుడు. మనము ఆయనకు ఉపదేశించుటకు మారుగ, ఆయన తన పనిని గూర్చి చెప్పగా మనము విందము. అనుభవ మంటపమున జరిగినది అదియే కదా!

మననమునకు ప్రశ్నలు

1. పని కాయకమగుటకు గల నాలుగు గుర్తులు ఏవి? మీ నిత్యవృత్తిలో వీనిలో ఏది లోపించినది?

2. కొన్నవాడు చూడని చోటును కూడ నునుపు చేయు పనివానికి, సత్యశుద్ధికి గల సంబంధమేమి?

3. దేహము దేవాలయమన్న బోధను పనివాని ఆరోగ్యమునకు ఎట్లు అన్వయింపవలెను?

4. వృత్తిని కాపాడుటకును, వృత్తిని పుట్టుకకు కట్టివేయుటకును గల భేదమును పిల్లలకు ఎట్లు వివరింతురు?

5. మీ ఇంటి కత్తిపీటను చేసినవారి పేరేమి? తెలియనిచో, వచ్చు సంచికలోగా తెలిసికొనుడు.

ఈ అయిదవ ప్రశ్నకు సమాధానము ఏ గ్రంథమునను దొరకదు. దానికై కొలిమి వరకు నడచిపోవలెను. ఆ నడక కూడ ఒక శరణ దర్శనమే యగును.

శరణు శరణార్థి.